మన పాట మన లాప్‌టాప్‌లనే రికార్డు కావాలె – కాని మొదలు డీజే కోసం కాదు



పోస్ట్ పొడుగైంది, టైం ఉన్నప్పుడు చదువుండ్రి. తీజ్ దగ్గరికి వచ్చిందంటే చాలు, మన తమ్ముళ్లు అడిగేది ఒకటే మాట: "అన్నా, డీజే పాట చేయనీకె ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? క్రాక్ లింక్ ఉన్నదా?" ఇంటర్ పిల్లలు అడుగుతున్నరు, డిగ్రీ పిల్లలు అడుగుతున్నరు, గల్ఫ్ నుంచి లీవ్ మీద వచ్చిన అన్నలు కూడా అడుగుతున్నరు. మంచిదే. పదేండ్ల కింద పాట రికార్డింగ్ అంటే హైదరాబాద్ మాట. ఇప్పుడు మా ఏర్గట్లల, పసుపు బస్తాలు పెట్టిన అర్రల కూసోని ఒక పిల్లగాడు పాట చేసి సాయంత్రానికి యూట్యూబ్‌ల పెడుతున్నడు. దీన్ని తప్పు పట్టెటోళ్లల్ల నేను లేను. కాని మనం ఆ మెషిన్‌ను ఎందుకు తెరుస్తున్నమో, మొదలు ఎవరి గొంతు దాంట్ల పెడుతున్నమో ఒకసారి మాట్లాడుకోవాలె. నా మాట ముందే చెప్తున్న: మొదటి ట్రాక్ మన ముసలోళ్లది కావాలె, అదీ ఏ బీట్ లేకుండా. డీజే తర్వాత.

ముందుగాల తెల్వనోళ్ల కోసం రెండు ముక్కలు. డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటే పాటను రికార్డు చేసి, కోసి, అతికించి, ఒక్కో గొంతును, ఒక్కో వాయిద్యాన్ని వేరే వేరే గీతలల్ల పెట్టి సరిచేసే సాఫ్ట్‌వేర్. స్టూడియోలోళ్లు పొట్టిగా "డా" అంటరు. ఎఫ్ఎల్ స్టూడియో మన డీజే అన్నలందరికీ తెలిసిందే. రీపర్ అని ఇంకోటి ఉన్నది, పాత విన్‌ఆంప్ ప్లేయర్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ దాన్ని మొదలుపెట్టిండు. చాలా చిన్న సైజు, పాత లాప్‌టాప్‌ల గూడ నడుస్తది, 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. ఆడాసిటీ 2000 సంవత్సరం నుంచి పూర్తిగా ఉచితం. ఫోన్ తప్ప ఏం లేనోళ్లకు బ్యాండ్‌ల్యాబ్ ఉన్నది, అదీ ఉచితమే. ఇన్ని ఉండగా క్రాక్ లింకుల కోసం ఎందుకు తిరగాలె? క్రాక్ వేసిన లాప్‌టాప్‌ల వైరస్ వచ్చి, స్కాలర్‌షిప్ కాగితాలు, ప్రాజెక్ట్ రిపోర్టులు అన్ని పోయినోళ్లు మన హాస్టళ్లల్లనే ఉన్నరు.

ఇప్పుడు అసలు ముచ్చట.

మనం కొత్త ప్రాజెక్ట్ తెరువంగనే ఆ సాఫ్ట్‌వేర్ మనల్ని అడగకుండనే కొన్ని నిర్ణయాలు తీసుకుంటది. చాలావాటిల నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు బై నాలుగు తాళం అని ముందే రాసి ఉంటది. పియానో మీద పన్నెండు మెట్లు గీసి ఉంటయి. అది ఎవరో పెట్టిన చట్రం. సినిమా పాటకు, ఇంగ్లీష్ పాటకు సరిపోతది. మా దాదీ పాడే తీజ్ పాటకు సరిపోతదా? ఆమె మొదటి చరణం నడుచుకుంట పోయినట్టు పాడుతది, గుండ్రంగ తిరిగే ఆడపిల్లల అడుగు పెరిగిన కొద్దీ పాట ఉరుకుతది, ఎవరన్న నవ్వితే ఆగుతది, మళ్ల అందుకుంటది. దానికి మెట్రోనోమ్ పెట్టి "టక్ టక్ టక్ మీద పాడు దాదీ" అంటే ఆమె పాడుతది, పాపం, మనవడు అడిగిండు గదా అని. కాని అది పాట కాదు, పరేడ్ లెక్క ఉంటది.

ఢావలో సంగతి ఇంకా గట్టిది. మన లంబాడీలల్ల పెండ్లికూతురు అత్తగారింటికి పోయేటప్పుడు తల్లిని, అన్నదమ్ములను, తోటి పిల్లలను పట్టుకోని ఏడ్చుకుంట పాడేది ఢావలో. ఏడుపు ఎక్కడ ఆగుతదో పాట ఎక్కడ మొదలైతదో గీత గీసి చెప్పలేం. గొంతు జారుతది, వణుకుతది, రెండు స్వరాల నడుమ ఎక్కడనో నిలబడుతది. దాని మీద ఆటోట్యూన్ వేస్తే ఏమైతది? ఆ సాఫ్ట్‌వేర్ 1997ల వచ్చింది, చేసినాయన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమి లోపల చమురు ఎక్కడుందో ధ్వని తరంగాలతోని కనిపెట్టే లెక్కల ఇంజనీరు. గొప్ప తెలివి, కాదనను. కాని ఆ సాఫ్ట్‌వేర్‌కు దగ్గరి మెట్టు మీదికి గొంతును నూకుడే తెలుసు. ఢావలో ఉండేదే మెట్లకు మెట్లకు నడుమ. నూకినంక ఏడుపు పోయి ట్యూన్ మిగులుతది.

ఇది లంబాడీ పాటల ముచ్చటే కాదు. ఆదిలాబాద్‌ల ప్రధాన్, తోటి అన్నలు వాయించే కిక్రి గూడ పియానో మెట్ల మీద నడిచే వాయిద్యం కాదు. దాని పక్కకు కీబోర్డ్ పెట్టి "కిక్రి శృతి తప్పింది" అనెటోళ్లను నేను చూసిన. శృతి తప్పింది కిక్రి కాదు, కీబోర్డ్ అక్కడికి రావుడే తప్పు. (గోండు, లంబాడా అని మన మధ్య ఉన్న రిజర్వేషన్ కొట్లాట ఈ పోస్ట్‌ల వద్దు. దానికి వేరే పోస్టులు ఉన్నయి, వేరే రోజు ఉన్నది. పాట ముచ్చటల మన కష్టం ఒక్కటే.)

మరి తొందర ఎందుకంటే చెప్తున్న. మర్లవాయి గుస్సాడి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబర్‌ల పోయిండు. కోయోళ్ల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథలు కోయ భాషల, తెలుగుల పాడే సకిని రామచంద్రయ్య తాతకు 2022ల పద్మశ్రీ వచ్చింది, 2024ల పోయిండు. వాళ్లు పేరున్నోళ్లు కాబట్టి టీవీలోళ్లు, పత్రికలోళ్లు ఎంతో కొంత రికార్డు చేసిన్రు. మన తండాల, మన గూడేల ఏ అవార్డు లేకుండ పోయే ముసలమ్మల సంగతి ఏంది? వాళ్ల పాట ఎవరి ఫోన్‌లనో ఒక నిమిషం వీడియోగ ఉంటది. ఆ ఫోన్ డిస్‌ప్లే పగిలితది, కొత్త ఫోన్ కొంటరు, పాతది డ్రాయర్‌ల పడుతది, బ్యాటరీ ఉబ్బుతది. అయిపోయింది.

భాష సంగతి ఇంకోటి. 2011 జనాభా లెక్కలల్ల లంబాడీ మా మాతృభాష అని చెప్పినోళ్లు 32 లక్షల పైన ఉన్నరు. కాని ఆ లెక్కలను ఎక్కడ కలిపిన్రో తెలుసా? హిందీ కింద. గోర్ బోలికి సొంత లిపి లేదు, మనం తెలుగు అక్షరాలల్ల రాసుకుంటున్నం, మహారాష్ట్రోళ్లు దేవనాగరిల, కర్ణాటకోళ్లు కన్నడల రాసుకుంటున్నరు. గోండు భాషకు గుంజాల గ్రామంల దొరికిన లిపి 2018ల యూనికోడ్‌లకు ఎక్కింది, సంతోషమే. మనకు ఆ లిపి గూడ లేదు గదా, అందుకని మన భాష నిజంగ బతికి ఉన్న చోటు గొంతే. మూడు రాష్ట్రాలోళ్లం ఒకళ్లది ఒకళ్లం చదువలేం గని, వింటే మాత్రం అర్థమైతది. అంటే మనకు పుస్తకం కన్నా ముందు రికార్డింగే కావాలె.

ఇంతకుముందు మన గురించి రికార్డు చేసినోళ్లు లేరా అంటే ఉన్నరు. హైమన్‌డార్ఫ్ 1940లల్ల ఆదిలాబాద్ గోండు గూడేలల్ల ఉండి తీసిన ఫోటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌ల సోయాస్ సంస్థల ఉన్నయి. ఆయన మన మేలు కోరినోడే, మర్లవాయిల ఆయనను ఇప్పటికీ తలుసుకుంటరు. కాని మన తాతల ముఖాలు చూడాలంటే మనం లండన్ దిక్కు చూడాలె. ఇగ గురుగ్రామ్‌ల 1982ల మొదలైన ఒక సంగీత ఆర్కైవ్ ఉన్నది, దేశం నలుమూలల నుంచి పరిశోధకులు చేసిన రికార్డింగులు అక్కడ దాచిపెడుతరు. మంచి పనే. అయినా పాడిన గూడెంల దాని కాపీ ఉండుడు వేరు, ఎక్కడనో ఏసీ రూమ్‌ల ఉండుడు వేరు. ములుగుల మన పేరు మీద సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది గదా, దాంట్ల బిల్డింగుల కన్నా ముందు ఒక సౌండ్ ఆర్కైవ్ పెట్టాలని నేను అడుగుత. అది అయ్యేదాక కూసునే ఓపిక మాత్రం మన ముసలోళ్ల ఆయుష్షుకు లేదు.

డబ్బు ముచ్చటకు వస్త. మా చుట్టాలల్ల ఒక చెల్లె మంచిగ పాడుతది. ఒక టౌన్‌ల స్టూడియోకు పోయి 8 వేలు కట్టి పాట రికార్డు చేయించుకున్నది. వాళ్ల అమ్మ పాడే పాటనే, నాలుగు మాటలు మార్చింది. స్టూడియో ఆయన తన ఛానల్‌ల పెట్టిండు, తన బ్యానర్ వేసిండు, కింద "అన్ని హక్కులు మావే" అని రాసిండు. ఈమెకు ఇచ్చింది ఒక వాట్సాప్ ఎంపీత్రీ. ఒరిజినల్ ట్రాకులు అడిగితే "హార్డ్ డిస్క్ పోయింది" అన్నడు. ఇట్లాంటి కథలు చదివే మీలో చాలామందికి సొంతంగ తెలుసు, నేను చెప్పుడు ఎక్కువ.

దీంట్ల చట్టం ఏమంటదో తెలుసుకోవాలె. తరతరాల జానపద పాట రాసింది ఎవరో తెల్వదు కాబట్టి పాట మీద కాపీరైట్ ఎవ్వరికీ ఉండదు. కాని ఆ పాటను చేసిన రికార్డింగ్ మీద ఉంటది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కు యజమాని ఎవరంటే నిర్మాత. నిర్మాత అంటే ఆ రికార్డింగ్ చేయనీకె చొరవ తీసుకొని బాధ్యత మోసినోడు. ఆ హక్కు పాట విడుదలైనంక 60 ఏండ్లు ఉంటది. పాడినోళ్లకు గూడ వేరే హక్కులు ఉన్నయి, 50 ఏండ్లు ఉంటయి, 2012 సవరణల అవి ఇంక గట్టిపడ్డయి, పాడినామె పేరు చెప్పాలని అడిగే హక్కు దాంట్లనే ఉన్నది. కాని మన చెల్లె ఏ కాగితం మీద సంతకం పెట్టిందో ఆమెకే తెల్వకపోతే ఆ హక్కులు ఏం చేస్తయి? అదే తన ఇంట్ల, తన ఫోన్‌తోని, తన చొరవతోని రికార్డు చేస్తే నిర్మాత ఆమెనే. అందుకే ఇంటి రికార్డింగ్ నాకు సరదా ముచ్చట లెక్క కనిపియ్యదు, పొలం పట్టా పాస్‌బుక్ లెక్క కనిపిస్తది.

కిన్నెర మొగులయ్య తాత గొంతుతోని 2021ల భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదలైంది, రాష్ట్రమంతా మోగింది, 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024ల ఆయన కూలి పనికి పోతున్న వీడియో మనమందరం చూసినం. పేరు రావుడు వేరు, పాట మీద పట్టు ఉండుడు వేరు. ఇంకో దిక్కు చూస్తే రాము రాథోడ్ "రాను బొంబాయికి రాను" యూట్యూబ్‌ల కోట్ల మంది విన్నరు, పెద్ద కంపెనీ పిలిచేదాక ఆగలేదు. మంగ్లీ అక్క అనంతపురం తండా నుంచి వచ్చి జానపదం మీదనే నిలబడ్డది. దారి ఉన్నదని వాళ్లు చూపించిన్రు. అయితే నా బాధ ఏందంటే, మన పిల్లలు ఆ దారిల తెలుగు పాటనే పట్టుకొని పోతున్నరు, గోర్ బోలి పాట అంటే డీజే బీట్ మీద నాలుగు మాటలు, అంతే.

ఇక్కడ ఆడపిల్లల సంగతి గూడ చెప్పాలె, ఎవ్వరూ చెప్తలేరు కాబట్టి. మన పాటలల్ల ఎక్కువ పాటలు ఆడోళ్లవి. తీజ్ వాళ్లది, ఢావలో వాళ్లది, పత్తి ఏరేటప్పుడు, పసుపు తవ్వేటప్పుడు పాడేది వాళ్లు. మరి స్టూడియోల రికార్డు అయ్యేది ఎవరు? ఎక్కువ మగపిల్లలు. ఎందుకంటే ఆడపిల్లను టౌన్ స్టూడియోకు రాత్రి తొమ్మిదింటిదాక ఏ తండ్రి పంపుతడు? అక్కడ మైక్ ముంగట ఒక్కతే నిలబడి, అద్దం అవతల నలుగురు తెల్వని మగోళ్లు చూస్తుంటే, ఏ యాడి తన పాట పాడుతది? అదే మనింట్ల, మంచం మీద కూసోని, చుట్టూ చెల్లెండ్లు ఉంటే పాట దానంతట అదే వస్తది. ల్యాప్‌టాప్ బటన్ నొక్కేది గూడ మన చెల్లెలే కావాలె. "మీకు టెక్నికల్ తెల్వదు" అనే అన్నలకు ఒక మాట: మీకు తెలిసింది గూడ యూట్యూబ్ చూసి నేర్చుకున్నదే గదా.

కొందరు పెద్దలు, లెక్చరర్లు "ఈ సాఫ్ట్‌వేర్లు వచ్చి సంస్కృతి నాశనం చేసినయి" అంటరు. నేను ఒప్పుకోను. తీజ్‌ల డీజే పెట్టుకుంటే పెట్టుకోనియ్యండ్రి, పిల్లలు ఆడుతరు, సంతోషం. నంగారా గూడ ఒకప్పుడు ఎవరో కొత్తగ తెచ్చినదే అయి ఉంటది. ఇంకోదిక్కు "డీజే లేకపోతే ఎవడు వింటడన్నా" అనే తమ్ముళ్ల మాట సగం నిజమే. కాని దాదీ గొంతు ఉత్తగ, పూర్తిగ ఒకసారి రికార్డు చేసి దాచిపెట్టినంక దాని కాపీ మీద నువ్వు డీజే వేసుకో, ట్రాన్స్ వేసుకో, ఏదన్న చెయ్. ఒరిజినల్ ఉన్నది గదా. మొదలే బీట్ మీద పాడిచ్చినవనుకో, నలభై ఏండ్లకు నీ మనవడు "అసలు ఎట్ల పాడెటోళ్లు" అని అడిగితే చూపెట్టనీకె ఏం ఉండది. బీట్ కలపాలంటే గూడ దారి ఉన్నది: రీపర్‌ల పాటను ముందు స్వేచ్ఛగ రికార్డు చేసి, తర్వాత ఆమె చప్పట్లు ఎక్కడెక్కడ పడ్డయో అక్కడ టెంపో మార్కర్లు పెట్టుకుంట పోతే, బీటే ఆమె వెనుక నడుస్తది. పని ఎక్కువ, ఒక పాటకు ఒక రాత్రి పడుతది. అయినా పద్ధతి అదే ఉండాలె, మెషిన్ దాదీ వెనుక నడవాలె గని దాదీ మెషిన్ వెనుక కాదు.

మా దిక్కు అనుభవంతోని కొన్ని పని మాటలు చెప్త, వరుస లేకుండనే.

గది కోసం ఫోమ్ షీట్లు కొనకుండ్రి. బొంతలు చాలు. గోడలకు రెండు బొంతలు వేలాడదీసి, వెనుక పసుపు బస్తాలో పత్తి బస్తాలో ఉంటే ప్రతిధ్వని మస్తు తగ్గుతది. రేకుల ఇంట్ల మధ్యాహ్నం వద్దు, ఎండకు రేకులు టిక్ టిక్ మంటయి. జనవరి నుంచి మార్చిదాక మా దిక్కు పసుపు ఉడకబెట్టుడు, పాలిష్ డ్రమ్ములు తిప్పుడు ఉంటది, ఆ గడగడలో ఏ మైకూ పని చెయ్యది. ఆ రోజులల్ల రాత్రి పెట్టుకోవాలె. కుక్కలు, కోళ్లు, బోరు మోటర్ ఎట్లాగు ఉంటయి. అందుకే తండాలల్ల కండెన్సర్ మైక్ కన్నా మామూలు స్టేజీ డైనమిక్ మైక్ నయం, దగ్గరి గొంతునే ఎక్కువ పట్టుకుంటది. ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టి ఉంటే "హుమ్మ్" అని సన్నటి మోత వస్తది, మన కరెంటు 50 హెర్ట్జ్ మోత అది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద చెయ్యండ్రి. కరెంటు పోయిన పూట రికార్డింగ్‌కు మంచి పూట, మన విద్యుత్ శాఖకు ఈ ఒక్క విషయంల దండం పెట్టొచ్చు.

ఫోన్ ఒక్కటే ఉంటే, ఫ్లైట్ మోడ్‌ల పెట్టి, రికార్డర్ సెట్టింగుల వేవ్ ఫార్మాట్ ఎంచుకొని, మూతికి ఒక జానెడు పైన దూరం పెట్టుండ్రి. నంగారా, డప్పు కొడితే ఆరేడు అడుగులు వెనక్కి జరగాలె, లేకుంటే శబ్దం పగులుతది. డాల గీత ఎర్రగ కావద్దు, గట్టిగ పాడినప్పుడు గూడ మైనస్ 6 దగ్గర ఆగాలె. సౌండ్ తక్కువగ రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలినదాన్ని ఎవ్వరూ అతకలేరు. యూట్యూబ్ ఎట్లాగూ పెద్ద సౌండ్ పాటలను తనే తగ్గిస్తది, పోటీపడి పెంచి లాభం లేదు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక్క మైక్ అయితే నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, గంటకు అర జీబీ పైన కొంచెం. 64 జీబీ కార్డుల వంద గంటల పైన పడుతది, అంటే ఒక తండా ముసలోళ్లందరి పాట ఒక గోరంత కార్డుల. దుబాయ్‌ల, మస్కట్‌ల ఉన్న అన్నలకు పంపేటప్పుడు వాయిస్ మెసేజ్ లెక్క పంపకుండ్రి, వాట్సాప్ దాన్ని పిండి పిప్పి చేస్తది. డాక్యుమెంట్ లెక్క అటాచ్ చేస్తే ఉన్నదున్నట్టు పోతది. వాళ్లు గూడ ఒక కాపీ దాచుకుంటరు, ఇదీ ఒక లాభమే.

పాట మొదలు కాకముందు ఆమె గొంతుతోనే చెప్పియ్యండ్రి: పేరు, ఊరు, తేదీ, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నది, యూట్యూబ్‌ల పెట్టొచ్చునా వద్దా. అంతా గోర్ బోలిల, గోండుల, కొలామిల, ఏ భాష అయితే ఆ భాషల. ఇది నేను గట్టిగ పట్టుబట్టే ముచ్చట. కొన్ని పాటలు అందరి ముంగట పాడేవి కావు. చావు పాటలు, దేవుని దగ్గరి పాటలు ఉంటయి. "ఇది బయట పెట్టొద్దు బిడ్డా" అంటే పెట్టొద్దు, దాచాలె, అంతే. వ్యూస్ వస్తయని ఏడుపు పాటకు థంబ్‌నెయిల్ పెట్టెటోళ్లను చూస్తే నాకు కోపం వస్తది.

ఇప్పుడు అడిగేది ఏందంటే. ఈ గ్రూపుల ఎవరి దగ్గర రికార్డింగ్ ఉన్న పాత ఫోన్లు ఉన్నయో చెప్పుండ్రి, ఆన్ కాకపోయినా పర్వాలేదు, మెమరీ కార్డు తీసి చూద్దాం. మోర్తాడ్, ఏర్గట్ల, భీంగల్, ఆర్మూర్ దిక్కు ఉన్నోళ్లు ఎవరన్న రీపర్ నేర్చుకోవాలంటే ఆదివారాలు కూసుందాం, ల్యాప్‌టాప్ లేనోళ్లు గూడ రావొచ్చు, చెల్లెండ్లు తప్పక రావాలె, అమ్మలను తోడు తీసుకొచ్చినా మంచిదే, వాళ్లతోనే మొదలు పెడదాం. ఒక పాత ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైక్ నా దగ్గర ఉన్నయి. పొడుగు ఎక్స్ఎల్ఆర్ కేబుల్ మాత్రం లేదు, ఎవరి దగ్గరన్న ఉంటే తీజ్‌కు ముందే తెచ్చుండ్రి.